ఫిన్లాండ్ పాటకి మార్కులెవరేశారు?

1982 ఏప్రిల్ 24న ఇంగ్లండులోని హారోగేట్ అనే ఊళ్ళో యూరోవిజన్ పాటల పోటీ జరిగింది. 18 దేశాలు, 18 పాటలు. ప్రతి దేశపు జ్యూరీ తమ పాట వదిలేసి, మిగతా 17లో నచ్చిన పదింటిని ఏరి, మొదటిదానికి 12, రెండోదానికి 10, ఆ తర్వాత 8 నుంచి 1 దాకా మార్కులు వెయ్యాలి. అంటే ఫిన్లాండ్ పాటకి మార్కులెయ్యగల దేశాలు 17, ఒక్కో దేశం జాబితాలో పది స్థానాలు, మొత్తం 170 అవకాశాలు. అందులో ఒక్కటి కూడా ఫిన్లాండుకి దక్కలేదు. గుండు సున్నా.

ఇది మొదటి సున్నా కూడా కాదు. 1963లో ఒకటి, 1965లో ఒకటి వచ్చాయి. ఇది మూడోది. వీటన్నిటికీ కలిపి చాలాకాలం చలామణీ అయిన వివరణ ఒకటే. ఫిన్నిష్ భాష ఎవరికీ అర్థం కాదు, వినడానికి వింతగా ఉంటుంది, అందుకే మార్కులు పడవు అని. ఇంగ్లీషులో పాడితే తప్ప గతి లేదని. ఈ మాట మనకి ఎక్కడో విన్నట్టు లేదూ? ఈ వివరణ నాకు అంతగా మింగుడు పడదు. పోటీ చరిత్ర, మార్కుల లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది. అదే ఇక్కడ చెప్పబోతున్నాను. లెక్కలంటే చిరాకున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, పెద్ద లెక్కలేం కావు.

ముందు యూరోవిజన్ అంటే తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది మన పాడుతా తీయగా లాంటిదనుకునేరు. అక్కడ గాయకులు పోటీ పడతారు, పాటలు పాతవే. ఇక్కడ పోటీ పడేది పాట. కొత్త పాట, మూడు నిమిషాలు మించకూడదు, స్టేజీ మీద ఆరుగురికి మించి ఉండకూడదు. మన దూరదర్శన్ లాంటి ప్రభుత్వ టీవీ సంస్థలు యూరపంతా కలిసి పెట్టుకున్న యూనియన్ ఒకటుంది, అది 1956లో స్విట్జర్లాండ్ లుగానోలో మొదలుపెట్టింది. అప్పట్లో 7 దేశాలు. ఫిన్లాండ్ 1961లో చేరింది. లైలా కిన్నునెన్ అనే ఆవిడ ఫిన్నిష్‌లో పాడి పదో స్థానం తెచ్చింది. మరుసటేడు మారియన్ రుంగ్ 'టిపీ-టీ' అనే పాటతో ఏడో స్థానంలో నిలిచింది. అదీ ఫిన్నిష్ పాటే. కాబట్టి మొదలు అంత అధ్వాన్నమేం కాదు.

ఇక భాష సంగతి. యూరప్‌లో స్వీడిష్, జర్మన్, ఫ్రెంచ్, రష్యన్ అన్నీ దగ్గరివో దూరపువో చుట్టాలు. ఫిన్నిష్ ఆ కుటుంబంలోది కాదు. దాని దగ్గరి చుట్టం ఎస్టోనియన్, దూరపు చుట్టం హంగేరియన్. స్వీడన్ వాడు నార్వే పాట వింటే సగం అర్థమవుతుంది, ఫిన్నిష్ వింటే ఒక్క ముక్క కూడా అర్థం కాదు. కానీ మన చెవికి అది అంత పరాయిగా ఉండదు. 'తలో' అంటే ఇల్లు. 'తలోస్సా' అంటే ఇంట్లో. 'తలోస్తా' అంటే ఇంట్లోంచి. 'తలోస్సాకో' అంటే ఇంట్లోనా? మనలాగే పదానికి తోకలు తగిలించుకుంటూ పోవడమే, మాటలు చాలావరకు అచ్చుతో ముగియడమే. ఇంగ్లీషు వాడికి ఇదంతా వింత, మనకి మామూలు. (తెలుగూ ఫిన్నిషూ చుట్టాలని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. పోలిక వేరు, చుట్టరికం వేరు.)

ఫిన్లాండులో ఈ భాష గోల పాటల పోటీతో మొదలైంది కూడా కాదు. 1809 దాకా స్వీడన్ పాలన, ఆ తర్వాత రష్యా చక్రవర్తుల కింద. ఎవరు పాలించినా చదువు, కోర్టు, ఆఫీసు అన్నీ స్వీడిష్‌లోనే. ఫిన్నిష్ అంటే పల్లెటూరి రైతుల భాష. 1863లో జార్ రెండో అలెగ్జాండర్ ఆదేశం ఇచ్చాక గానీ దానికి ఆఫీసుల్లో చోటు దొరకలేదు. అలాంటి చరిత్ర ఉన్నవాళ్ళకి, ప్రతి ఏడూ టీవీలో యూరప్ అంతా చూస్తుండగా సొంత భాషలో పాడి అడుగున మిగలడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పాట ఓడిపోయింది అని సరిపెట్టుకోలేరు కదా.

ఇప్పుడు ఆ మొదటి రెండు సున్నాల సంగతి చూద్దాం. 1963లో ఒక్కో దేశం ఐదు పాటలకే మార్కులిచ్చేది. 1965 నాటికి మూడు పాటలకే: 5, 3, 1. మిగతా పాటలు నాలుగో స్థానంలో ఉన్నా, అట్టడుగున ఉన్నా ఒకటే, సున్నా. ఆ పద్ధతిలో సున్నాలు రాకుండా ఎలా ఉంటాయి? 1963లో ఫిన్లాండ్‌తో పాటు స్వీడన్, నార్వే, నెదర్లాండ్స్‌కి కూడా సున్నాలే. 1965లో జర్మనీ, బెల్జియం, స్పెయిన్‌కి కూడా. స్పానిష్ ఎవరికీ అర్థం కాని భాషా? జర్మన్ వింత భాషా? ఆ దేశాలేవీ సున్నా వచ్చిందని తమ భాషని తప్పుపట్టుకోలేదు.

1971 నుంచి 1973 దాకా పద్ధతి మార్చారు. ఒక్కో దేశం నుంచి ఇద్దరు జడ్జీలు, ప్రతి పాటకీ ఒక్కొక్కరు 1 నుంచి 5 దాకా వెయ్యాలి. సున్నా అన్నదే లేదు. అప్పుడు ఫిన్లాండ్ ఏం చేసింది? 1971లో ఫిన్నిష్ పాటతోనే ఎనిమిదో స్థానం. 1973లో మారియన్ రుంగ్ మళ్ళీ వచ్చి 'టామ్ టామ్ టామ్' ఇంగ్లీషులో పాడి ఆరో స్థానం. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ ఆరో స్థానం ఇంగ్లీషు పాటదే, పైగా తర్వాత 33 ఏళ్ళపాటు అదే వాళ్ళ రికార్డు. 1973కి ముందు ఏడేళ్ళపాటు సొంత భాషలోనే పాడాలన్న నియమం ఉండేది, ఆ ఏడు ఎత్తేశారు. 1974లో స్వీడన్ వాళ్ళు, అదే అబ్బా బృందం, 'వాటర్లూ' ఇంగ్లీషులో పాడి గెలిచారు. 1977లో నియమాన్ని మళ్ళీ తెచ్చారు, 1999లో మళ్ళీ ఎత్తేశారు. కాబట్టి భాషకి అసలు ప్రభావమే లేదని నేననను. ఉంది. కానీ మొత్తం తప్పు దాని నెత్తినే రుద్దేస్తే తూకం రాళ్ళ సంగతి ఎవరు చూడాలి?

అన్నట్టు ఇక్కడో తమాషా. యూరోవిజన్‌కి పోటీగా తూర్పు కమ్యూనిస్టు దేశాలు పోలండ్ సోపోట్‌లో 1977 నుంచి 1980 దాకా ఇంటర్‌విజన్ అని నడిపాయి. ఫిన్లాండ్ టీవీ సంస్థకి అటూ ఇటూ రెండు యూనియన్లలోనూ సభ్యత్వం ఉండేది. రెండు పడవల మీద కాళ్ళన్నమాట, ఆ దేశపు విదేశాంగ విధానం లాగే. 1980లో అక్కడ గెలిచిందెవరు? మన మారియన్ రుంగే. అంటే ఫిన్లాండ్ పాట గెలవలేక కాదు, ఏ గదిలో ఎవరు మార్కులేస్తున్నారన్నదే తేడా.

ఇప్పుడు 1982 సున్నా దగ్గరికొద్దాం. ఇది మిగతా రెంటిలాంటిది కాదు, ఇది నిజంగా బాధ పెట్టే సున్నా. పాట పేరు 'నుకూ పొమ్మీన్', పాడింది టిమో కోయో. బాణీ జిమ్ పెంబ్రోక్, మాటలు యూహానీ 'యూస్' లెస్కినెన్. ఈ లెస్కినెన్ ఫిన్లాండ్ రాక్ పాటల్లో మాటలకి పెట్టింది పేరు. ఫిన్నిష్‌లో ఈ పేరు ఒక నుడికారం. పొద్దెక్కేదాకా మొద్దు నిద్ర పోవడాన్ని అలా అంటారు. విడగొట్టి చూస్తే మాత్రం 'బాంబులోకి నిద్రపో' అని వస్తుంది. అంటే, నువ్విలాగే మొద్దు నిద్ర పో, లేచేసరికి అణుబాంబు పడి ఉంటుంది అన్న వెటకారం. అప్పటి సందర్భం చూడండి. అమెరికా, సోవియట్ రెండూ యూరప్ నడిబొడ్డున అణు క్షిపణులు మోహరించే గొడవలో ఉన్నాయి. అంతకు ముందేడు పశ్చిమ జర్మనీ బాన్ నగరంలో లక్షల మంది వీధుల్లోకొచ్చారు. ఫిన్లాండుకైతే సోవియట్‌తో దాదాపు 1300 కిలోమీటర్ల సరిహద్దు. ఆ పాట మూడు నిమిషాల కాలక్షేపం కాదు, భయంలోంచి పుట్టిన ఎకసెక్కం.

అదే రాత్రి గెలిచిన పాట ఏదో తెలుసా? పశ్చిమ జర్మనీ నుంచి 17 ఏళ్ళ నికోల్ తెల్ల గిటారు పట్టుకుని కూర్చుని పాడిన పాట. దాని పేరుకి అర్థం 'కాస్తంత శాంతి'. 161 మార్కులు. అంటే ఒకే రాత్రి, ఒకే భయం మీద రెండు పాటలు. ఒకటి మెత్తగా, ఒకటి కరుగ్గా. మెత్తగా అడిగినదానికి 161, కసిగా అడిగినదానికి 0. భాష వల్లే అనుకుందామంటే నికోల్ కూడా పోటీలో పాడింది జర్మన్‌లోనే, నియమం అందరికీ ఒకటే. కాకపోతే 'శాంతి' అన్న మాట, ఆ అమ్మాయి ముఖం, గిటారు, ఇవన్నీ భాష రాకున్నా అర్థమవుతాయి. నుడికారం మీద వేసిన చమత్కారం అర్థం కాదు. గెలిచాక నికోల్ అదే పాటని మళ్ళీ పాడినప్పుడు జర్మన్‌తో మొదలెట్టి ఇంగ్లీషు, ఫ్రెంచ్, డచ్‌లోకి మారుతూ పాడింది. హాలు ఊగిపోయింది. 'నుకూ పొమ్మీన్' చమత్కారాన్ని అలా నాలుగు భాషల్లోకి మార్చలేరు. తెలుగు సినిమా డైలాగుల్ని సబ్‌టైటిళ్ళలో చూసి నవ్వు రాక నొసలు చిట్లించినవాళ్ళకి ఈ బాధ తెలుసు.

నా అభిప్రాయం అడిగితే, కోయో పాట గొప్ప పాటేం కాదు, ఆ రోజు పాడిన తీరు కూడా కాస్త మోటుగానే ఉంది. కానీ సున్నా అన్నదానికి అర్థమేంటో చూడండి. 17 దేశాల్లోనూ ఆ పాట మొదటి పదిలో లేదు, అంతే. ప్రతి జాబితాలోనూ సరిగ్గా పదకొండో స్థానంలో ఉన్నా ఫలితం సున్నానే, ప్రతి జాబితాలోనూ అట్టడుగున ఉన్నా సున్నానే. పది తర్వాత వచ్చే సమాచారాన్నంతా ఈ పద్ధతి చెత్తబుట్టలో పారేస్తుంది. మన పరిభాషలో చెప్పాలంటే కంప్రెషన్‌లో డేటా పోయింది, మిగిలిన ఫైలు చూసి అసలు బొమ్మ ఇదేనని తీర్పు చెప్పేశారు. ఈ పద్ధతి 1975లో వచ్చింది, కొద్ది మార్పులతో అదే ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకో సంగతి. ఆ అవమానం తర్వాత రెండేళ్ళకే, 1984లో కిర్కా, 1985లో సోన్యా లుమ్మె ఇద్దరూ ఫిన్నిష్‌లోనే పాడి తొమ్మిదో స్థానాల్లో నిలిచారు. అవి ఎవరికీ గుర్తుండవు, సున్నానే గుర్తుంటుంది. మనిషి బుర్ర అంతే.

90ల్లో సోవియట్, యుగోస్లావియా ముక్కలయ్యాక పోటీకొచ్చే దేశాలు పెరిగిపోయాయి. తక్కువ మార్కులొచ్చిన దేశాల్ని మరుసటేడు ఇంట్లో కూర్చోబెట్టడం మొదలెట్టారు. ఫిన్లాండుకి 1995, 1997, 1999, 2001, 2003లో రానిచ్చే ప్రసక్తే లేదు. ఒక ఏడు వెళ్ళడం, ఓడిపోవడం, మరుసటేడు బయట నిలబడడం, మళ్ళీ వెళ్ళడం. సప్లిమెంటరీలు రాసుకుంటూ డిగ్రీ లాక్కొచ్చిన మిత్రులు గుర్తొస్తారు :)

ఈలోగా రెండు మార్పులు జరిగాయి. 90ల చివర్లో జ్యూరీల్ని పక్కన పెట్టి ప్రజలే ఫోన్ ద్వారా ఓటేసే పద్ధతి వచ్చింది, 1999లో భాషా నియమం పోయింది. ఈ రెంటి ఫలితం 2006 మే 20న ఏథెన్స్‌లో కనిపించింది. ఉత్తర ధ్రువ వలయం దగ్గరున్న రోవనియెమి నుంచి వచ్చిన తోమి పుతాన్సూ, అతని లోర్డి బృందం రాక్షస మాస్కులు తగిలించుకుని, నిప్పులు కక్కుతూ, 'హార్డ్ రాక్ హల్లెలూయా' ఇంగ్లీషులో పాడి 292 మార్కులతో గెలిచారు. అప్పటికి అది పోటీ చరిత్రలోనే అత్యధికం. 45 ఏళ్ళ తర్వాత తొలి విజయం. దేశం పరువు తీస్తున్నారని ముందు తిట్టినవాళ్ళు కూడా వారం తిరక్కుండానే హెల్సింకి మార్కెట్ మైదానంలో చేరారు, దాదాపు 80 వేలమంది కలిసి ఆ పాట పాడారు. ఆ గెలుపు మీద ఇంతకన్నా నేను చెప్పేదేం లేదు, అందరికీ తెలిసిన కథే. కానీ దాన్నుంచి చాలామంది తీసుకున్న పాఠం మాత్రం పాతదే: చూశారా, ఇంగ్లీషులో పాడితే గెలిచాం. ఆ పాటకి ఓట్లేసింది జ్యూరీలు కాదు, దాదాపు అన్ని దేశాల్లోనూ మామూలు జనం అన్న సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు.

ఆ పాఠానికి బలం చేకూర్చే సాక్ష్యాలు కూడా వచ్చాయి మరి. 2008లో ఫిన్నిష్ పాట, 22వ స్థానం. 2010లో ఫిన్నిష్ పాట, ఫైనల్‌కే చేరలేదు. 2015లో మేధో వైకల్యం ఉన్న నలుగురి పంక్ బృందం ఒకటిన్నర నిమిషం కూడా లేని ఫిన్నిష్ పాటతో వచ్చింది, పోటీ చరిత్రలో అతి చిన్న పాట. సెమీఫైనల్లో ఆఖరు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు వరసగా ఇంగ్లీషు పాటలే పంపించారు.

2023 మేలో లివర్‌పూల్‌లో ఆ వరస తెగింది. అంతకు ముందేడు గెలిచింది యుక్రెయిన్, యుద్ధం వల్ల అక్కడ జరపలేక బ్రిటన్‌లో పెట్టారు. ఫిన్లాండ్ నుంచి వచ్చిందెవరయ్యా అంటే వాంతా ఊరివాడు యెరె పొయ్‌హొనెన్, స్టేజీ పేరు కారియా. చొక్కా లేకుండా, మెరిసే ఆకుపచ్చ పొట్టి జాకెట్టు, బుడగల్లాంటి చేతులు. పాట 'చా చా చా'. విషయం ఏమంత గంభీరం కాదు. వారమంతా చాకిరీ చేసి, వారాంతంలో రెండు గ్లాసులు పుచ్చుకుని, సిగ్గొదిలేసి డాన్సు చెయ్యడం. శుక్రవారం సాయంత్రం రిలీజ్ ముగించుకుని బయటపడ్డవాడికి అనువాదం అక్కర్లేదు. మొదటి సగం మెటల్‌కీ టెక్నోకీ మధ్య అరుపులు, రెండో సగానికి వచ్చేసరికి హాయిగా కూనిరాగంలోకి దిగిపోతుంది. మందు ఎక్కినట్టే. పాటంతా ఫిన్నిష్, పల్లవిలో మాత్రం పసిపిల్లాడు కూడా అనగలిగే ఆ మూడు ముక్కలు.

ఫలితం చూడండి. 2009 నుంచి మార్కుల్లో సగం జ్యూరీలది, సగం జనానిది. పక్కింటి దేశానికి, వలసపోయిన సొంతవాళ్ళకి గుడ్డిగా ఓట్లు పడుతున్నాయన్న గోల వల్ల జ్యూరీల్ని మళ్ళీ తెచ్చారు. జనం ఓట్లలో ఫిన్లాండుకి 376, రెండో స్థానంలో ఉన్న స్వీడన్ గాయని లొరీన్‌కి 243. జ్యూరీల దగ్గర లొరీన్‌కి 340, ఫిన్లాండుకి 150. మొత్తం స్వీడన్ 583, ఫిన్లాండ్ 526. స్వీడన్ గెలిచింది.

ఫిన్లాండుకి జనం వైపు ఓటెయ్యగలిగినవి 36 దేశాలు, పోటీలో లేని దేశాలవాళ్ళు ఆన్‌లైన్లో డబ్బు కట్టి వేసిన ఓట్లన్నీ కలిపి ఇంకొకటి, మొత్తం 37. గరిష్ఠం 444. అందులో 376 అంటే సగటున ఒక్కో చోట 10 పైనే. యూరప్ అంతటా, ఆస్ట్రేలియాతో సహా, ఒక్క ముక్క ఫిన్నిష్ రాని జనం సగటున రెండో స్థానం కన్నా పైన పెట్టారన్నమాట. జ్యూరీల దగ్గర సగటు 4 చిల్లర.

మరి తూకం మారిస్తే? సరదాకి లెక్కేశాను. జనం దగ్గర ఫిన్లాండ్ ఆధిక్యం 133, జ్యూరీల దగ్గర స్వీడన్ ఆధిక్యం 190. జనం వాటా 50 బదులు 59 శాతం ఉంటే చాలు, ఫిన్లాండ్ గెలిచేది. 58 అయితే స్వీడనే. అదే ఓట్లు, అదే పాటలు, అదే రాత్రి.

జ్యూరీలు అన్యాయం చేశాయని అనడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకిచ్చిన కొలతల్లో గొంతు సామర్థ్యం ఒకటి, బాణీలో కొత్తదనం ఒకటి, స్టేజీ మీద ప్రదర్శన ఒకటి. గొంతు మీద మార్కులెయ్యమంటే లొరీన్ ముందు అరుపుల పాట నిలబడదు, అది నిజం. స్పెసిఫికేషన్‌లో ఏం రాసుందో అదే టెస్టు చేశారు. స్పెసిఫికేషన్ సరిగ్గా ఉందా అన్నది వేరే ప్రశ్న, అది జడ్జీని అడిగి లాభం లేదు. జ్యూరీలంటే పరాయి భాష గిట్టదన్న సూత్రం కూడా నిలబడదు. లివర్‌పూల్‌కి రెండు నెలల ముందే, 2023 మార్చిలో, 'నాటు నాటు' ఒక్క అక్షరం మార్చకుండా తెలుగులోనే ఆస్కార్ తెచ్చుకుంది. అక్కడ ఓటేసింది జనం కాదు, అకాడమీ సభ్యులు, అంటే ఒక పెద్ద జ్యూరీయే. ఆ రాత్రి రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ స్టేజీ మీద పాడుతుంటే హాల్లో ఎంతమందికి అర్థమైందంటారు?

తర్వాత 2024లో ఫిన్లాండ్ మళ్ళీ ఇంగ్లీషుకెళ్ళింది. వచ్చినవాడి పేరు వినండి, విండోస్95మ్యాన్. జీన్సు గుడ్డ గుడ్డులోంచి పాంటు లేకుండా బయటికొచ్చాడు. ఎప్పుడో సపోర్టు ఆపేసిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరుతో 19వ స్థానం అంటే నన్నడిగితే ఎక్కువే :) 2025లో ఎరికా విక్‌మన్ మళ్ళీ ఫిన్నిష్‌లోనే పాడింది, పాట పేరు మాత్రం జర్మన్. 11వ స్థానం.

లివర్‌పూల్ రాత్రికి సంబంధించి ఒక చిన్న వివరం మిగిలింది. జ్యూరీ మార్కులు ఒక్కో దేశం చదువుతూ స్వీడన్‌కి 12, స్వీడన్‌కి 12 అంటుంటే, హాల్లో జనం మధ్యమధ్యలో 'చా చా చా' అని అరుస్తూనే ఉన్నారు. ఎవరి ఓట్లు ఎవరికి పడ్డాయో వివరంగా బయటికొచ్చాక చూస్తే, స్వీడన్ జనం తమ 12 మార్కులూ వేసింది ఫిన్లాండ్ పాటకే.